పరుపులో గుంట

లాలప్ప బీడీ మానేశాడన్న కబురు ఊరంతటికీ తెలిసింది, ఒక్క అతని కుడిచేతికి తప్ప.

మధ్యాహ్నం అన్నం తిని మూతి తుడుచుకోగానే ఆ చెయ్యి తన మానాన తాను చొక్కా జేబులోకి పోయేది. అక్కడేమీ లేదని తెలుసుకుని బయటికొచ్చి, కాసేపు చెవి మీద వెతికేది. అక్కడా దొరక్కపోతే గాల్లో ఆగి, యజమాని ఏమంటాడా అని చూసేది. యజమాని సిగ్గుపడి ఎటో చూసేవాడు.

మానడానికి కారణం చిన్నదేమీ కాదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, మొక్కని దర్గా లేదనిపించుకున్నాక, లాలప్పకూ జమాలమ్మకూ ఒక ఆడపిల్ల పుట్టింది. మాబున్ని అని పేరు పెట్టుకున్నారు. పిల్లకు ఊపిరి బలం తక్కువ. గాలి కొంచెం మారితే చాలు, గుండె గూడు ఎగిరెగిరి పడేది.

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" అని పట్నంలో డాక్టరమ్మ అడిగింది.

"ఎవరూ తాగరమ్మా, నేనొక్కడినే" అన్నాడు లాలప్ప నిజాయితీగా.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ వాసన ఉన్న మనిషి ఈ బిడ్డను ఎత్తుకోకూడదని చెప్పి పంపింది.

జమాలమ్మ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. లాలప్ప చాప, కంచం, దుప్పటి అరుగు మీదికి వచ్చేశాయి. "ఆ కంపు పోయిన్నాడు లోపలికి రా" అంది. "అంతదాకా నీకు బిడ్డ లేదనుకో. దానికి నాయన లేడని నేను చెప్పుకుంటా."

గడప అవతలి నుంచి అతను తొంగిచూస్తే, మాబున్ని ముక్కు చిట్లించి తల్లి భుజం మీద తల దాచుకునేది. అత్తగారు పెట్టిన ఎన్ని చీవాట్లకూ చలించని లాలప్ప, ఆ వేలెడంత ముక్కు చిట్లింపుకు కుదేలైపోయాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు పెట్టుకున్న రోజున జేబులో నిండు కట్ట ఉండిపోవడంతోనే చిక్కంతా వచ్చిపడింది.

లాలప్ప పీరప్ప తాత దగ్గర పనిచేసేవాడు. దాన్ని కొలువు అనాలో శిష్యరికం అనాలో అతనికే తెలియదు. పీరప్ప తాత ఊరి చివరి దర్గాలో దీపం పెట్టే మనిషి. పొట్ట కోసం దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పగలు దబ్బనం పట్టడం నేర్పేవాడు, గురువారం సాయంత్రాలు దర్గా మెట్ల మీద తత్వాలు పాడటం నేర్పేవాడు. రెంటికీ తేడా ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు. మీసం రాకముందు వచ్చి చేరిన లాలప్పకు మీసం నెరుస్తున్నా, రెంటిలోనూ నేర్చుకోవాల్సింది అట్లాగే మిగిలి ఉంది.

కట్టను పారేద్దామంటే చెయ్యి రాలేదు. ఎవరికైనా ఇద్దామంటే పాపం చుట్టుకుంటుందేమోననిపించింది. ఎదురుగా హెడ్మాస్టరు గారింటి పరుపు ఉంది. అంతా అయిపోయి ఒక మూల కుట్టడమే మిగిలింది. లాలప్ప కట్టను ఆ మూల దూదిలోకి తోసి, పైన ఇంకో గుప్పెడు దూది కూరి, గట్టిగా కుట్టేశాడు. సైతానును గోతంలో వేసి మూతి కుట్టినంత సంతోషం కలిగింది. సాయంత్రం పరుపు బండెక్కి వెళ్ళిపోయింది.

ఈ పద్ధతిలో ఒకటే లోపం. బీడీలు ఎక్కడున్నాయో కుట్టినవాడికి తెలుసు.

వారం తిరక్కుండానే అతని కాళ్ళు హెడ్మాస్టరు గారి వాకిట్లో ఆగాయి. మాస్టరుగారి భార్య అనసూయమ్మ చాటలో కందిపప్పు ఏరుకుంటోంది.

"అమ్మా, పరుపు మూల కుట్టు వదులైందేమో, చూసి పోదామని వచ్చినా."

"మాకేం వదులుగా కనపళ్ళేదే."

"మీకు కనపడదమ్మా. లోపల్నుంచి వదులయితాది."

ఇంత శ్రద్ధ ఉన్న పనివాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. లోపలికి రమ్మంది. లాలప్ప కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని వెతికాడు. కట్ట దొరికింది. కళ్ళు తెరిచేసరికి ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏంది లాలప్పా అది?"

లాలప్ప కూడా ఆ కట్టను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "అదేనమ్మా, నేనూ చూస్తాండా" అన్నాడు.

మరునాడు పొద్దున్నే అనసూయమ్మ అతని చేతిలోంచి లాక్కున్న ఆ కట్ట పట్టుకుని నేరుగా పరుపుల కొట్టానికి వచ్చింది. పీరప్ప తాత ముందు పెట్టింది.

"తాతా, ఇది మీ పరుపులో దొరికింది. దూదికి బదులా, దూదితో పాటా?"

తాత కట్ట వైపు చూశాడు. లాలప్ప వైపు చూడలేదు.

"కొసరు తల్లీ" అన్నాడు.

ఆమె కోపం అక్కడితో జారిపోయింది. నవ్వు ఆపుకుంటూ, "ఇంకోసారి కొసరొద్దు తాతా, మాకు దూది చాలు" అని వెళ్ళిపోయింది.

తాత కట్ట తీసి లాలప్ప చేతిలో పెట్టాడు. "నీదే గదా. ఉంచుకో."

ఆయన నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది లాలప్పకు. పీరప్ప చేతి పరుపు విప్పి చూసే పనే ఉండదని చుట్టుపక్కల ఊళ్ళన్నింటా పేరు. విప్పి చూసే పని తానే పెట్టాడు.

"తాతా" అన్నాడు. "ఒట్టు పెట్టుకున్నా. దాచిపెట్టినా. పళ్ళు బిగబట్టి కూర్చున్నా. అయినా అన్నం తింటానే ఈ చెయ్యి దానంతటదే లేస్తాది. ఇంటికి పోతే బిడ్డ మొగం తిప్పుకుంటాది. ఈ చేతిని నేనేం చెయ్యాల?"

తాత లేచాడు. మూలన చుట్టిపెట్టి ఉన్న పాత పరుపొకటి లాగి నేల మీద పరిచాడు. అది పిండిమర గంగిశెట్టిది. గంగిశెట్టి మంచి బరువైన మనిషి. ఏళ్ళ తరబడి ఒకేచోట పడుకుని, పరుపు నడిమధ్య తన ఆకారాన్ని గుంటగా విడిచిపెట్టాడు.

"పండుకో" అన్నాడు తాత.

లాలప్ప పడుకున్నాడు. పడుకోవడమే గుంటలో పడుకున్నాడు.

"గుంటలో కాదు, పక్కన."

పాకుతూ అంచుకు పోయి పడుకున్నాడు. జాగ్రత్తకని ఒక చేత్తో నేలను పట్టుకున్నాడు. కాసేపటికి చెయ్యి సడలింది. మనిషి మెల్లగా దొర్లి వచ్చి గుంటలో పడ్డాడు.

"జారొద్దబ్బీ."

"నేను జారడం లేదు తాతా. పరుపే జారుస్తాంది."

"జారకూడదని గట్టిగా అనుకో."

గట్టిగా అనుకున్నాడు. పళ్ళు బిగించాడు. కాలివేళ్ళు ముడిచాడు. గంగిశెట్టి గుంట అతన్ని ఎంతో మర్యాదగా మళ్ళీ లోపలికి పిలుచుకుంది.

తాత నవ్వలేదు గానీ గడ్డం కదిలింది. "సరే, లెయ్. దీన్ని చదును చెయ్యి. అంతా విప్పి మళ్ళీ ఏకొద్దన్నాడు శెట్టి. పొద్దుగూకే లోపల కావాలంట."

ఇది తనకు వచ్చిన విద్యే కాబట్టి లాలప్పకు ప్రాణం లేచొచ్చింది. కర్ర తీసుకుని గుంట చుట్టూ ఉన్న గట్టును బాదాడు. దుమ్ము లేచింది, గుంట లేవలేదు. పరుపు తిరగేశాడు. చూపుకు బాగానే ఉంది. కూర్చుంటే అదే గుంట అడుగు నుంచి పలకరించింది. అంచుల్లోని దూదిని పిడికిళ్ళతో నడిమికి నెట్టాడు. గుంట కొంచెం పక్కకు జరిగి, ఇంకాస్త విశాలంగా సర్దుకుంది. ఎండ వాలేసరికి అతని కనుబొమల మీద కూడా దుమ్ము పేరుకుంది. గంగిశెట్టి మీద, ఆయన తిండి మీద, ఆ తిండికి పిండి ఆడించే మర మీద కూడా కోపమొచ్చింది.

కర్ర పక్కన పడేశాడు. "ఇది కొడితే పోయేది కాదు తాతా."

"మరి?"

"కొత్త దూది పెట్టాల."

"ఎంత?"

"గుంట ఎంతుంటే అంత."

"యాడ?"

ముసలాయనకు మతి తప్పిందా అనుకున్నాడు లాలప్ప. ఇంతకాలం పరుపులు కుట్టిన మనిషి అడిగే మాటేనా ఇది. "యాడేంది తాతా, గుంటలోనే. వేరే చోట పెడితే ఏం లాభం?"

తాత తలూపి, దూది ఏకే విల్లు తీసుకుని తన పని చూసుకున్నాడు.

లాలప్ప కుట్టు విప్పి, ఏకిన దూదిని గుప్పెళ్ళతో గుంటలోకి కూరసాగాడు. కూరుతూ కూరుతూ ఉండగా చెయ్యి ఉన్నట్టుండి నిలిచిపోయింది. దూది పట్టుకున్న ఆ చేతిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మరునాడు అన్నం తిని మూతి తుడుచుకున్నాడు. చెయ్యి లేచింది. కట్ట జేబులోనే ఉంది. చెయ్యి అక్కడికి చేరేలోపు లాలప్ప తటాలున లేచి నిలబడ్డాడు. లేవడమైతే లేచాడు గానీ ఎటు పోవాలో తోచలేదు. తప్పిపోయిన గొర్రెలాగా కొట్టం చుట్టూ ఒక చుట్టు తిరిగి, చివరికి నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి, ఒంటి మీది దూదంతా పోయేట్టు చెంబులతో నెత్తిన కుమ్మరించుకున్నాడు.

ఆ తొందరలో చొక్కా విప్పలేదు. బీడీల కట్ట నాని ముద్దయింది. ఎండబెడితే పనికొస్తాయా అని ఒక్క క్షణం ఆలోచించాడు. అట్లా ఆలోచించినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఇంకోసారి ఆలోచించి, ముద్దను కాలవలోకి విసిరేశాడు.

నీళ్ళు కారుతూ ఇంటికి పోయాడు.

"ఈ యాలప్పుడు వచ్చినావేంది? పీరప్ప తాత తరిమేసినాడా?" అంది జమాలమ్మ.

"లేదు. ఉయ్యాల ఊపుదామని."

జమాలమ్మ దగ్గరికొచ్చి మూతి వాసన చూసింది. తల వాసన చూసింది. చేతులు తిప్పి వేళ్ళ వాసన చూసింది. పోలీసులు కుక్కను తెచ్చినా అంత శ్రద్ధగా చూడదు. చొక్కా మాత్రం బయటే విప్పించింది. ఉయ్యాల తాడు చేతికిచ్చి, తను గడప మీదే కూర్చుంది, కాపలాకు.

తాడు పట్టుకున్నాక చేతికి పని దొరికింది. నోరు ఇంకా ఖాళీగానే ఉంది. లాలప్పకు జోలపాటలు రావు. వచ్చినవన్నీ తాత నేర్పిన తత్వాలు. వాటిలో సగానికి సగం, ఈ దేహమనే ఇల్లు ఏ వైపు నుంచి ఎట్లా కూలుతుందో వివరంగా చెప్పేవే. అందులో ఒకటి ఎత్తుకున్నాడు.

"పసిబిడ్డకు పాడె పాటలేంది?" అంది జమాలమ్మ.

"నాకొచ్చినవి ఇవే."

"అయితే నిదానంగా పాడు. కూలేదేదో నిదానంగా కూలనీ."

పల్లవి దాటకముందే దమ్ము చాలక దగ్గొచ్చింది. మాబున్ని ఉయ్యాల అంచు మీంచి తొంగిచూసింది. ముక్కు చిట్లించలేదు. ఇంకా ఏమైనా కూలేది ఉందా అన్నట్టు చూసింది. లాలప్ప చరణం అందుకున్నాడు.

అప్పట్నుంచి అన్నం తినడం, తొట్టి దగ్గర ఒళ్ళు కడుక్కోవడం, ఇంటికి పోయి ఉయ్యాల ఊపడం. మొదట్లో కాళ్ళు ఊరికూరికే బీడీల బంకు వైపు తిరిగేవి. వాటిని దారిలో పెట్టడం ఎద్దుల్ని అదిలించడం కంటే కష్టమయ్యేది. కానీ పాట మెల్లమెల్లగా చరణం చివరిదాకా నిలబడింది. అతని చాప కూడా అరుగు దిగి గడప దగ్గరికి, గడప దాటి లోపలికి వచ్చింది.

ఇంతలో బావమరిది పెళ్ళి వచ్చింది. అక్కడ భోజనాలయ్యాక ఊపడానికి ఉయ్యాల లేదు. పక్కన నలుగురూ బీడీలు ముట్టించారు. ఒకరు మర్యాదకని అతనికీ ఒకటిచ్చారు. లాలప్ప మర్యాద తెలిసిన మనిషి. ఒకటి తాగాడు, అది ఒంటరిదవుతుందని దానికి జతగా ఇంకొకటి తాగాడు.

తిరిగొచ్చి, ఇల్లు తగలబడ్డవాడి మొగంతో తాత ముందు నిలబడ్డాడు. "పోయింది తాతా. చేసుకున్నదంతా పోయింది."

తాత దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు. "గంగిశెట్టి వచ్చినాడు నిన్న" అన్నాడు. "పరుపు మళ్ళీ రవంత దిగిందంట."

"దిగదా మరి. కొత్త దూది గదా, అణుగుతాది."

"ఏం చేద్దాం? పారేసుకోమందామా?"

"పారేసేదెందుకు తాతా. ఇంకో గుప్పెడు పెడితే..."

లాలప్ప అక్కడ ఆగిపోయాడు. తాత దబ్బనాన్ని వెలుతురుకు ఎత్తి, దారం ఎక్కిందో లేదో చూసుకుంటున్నాడు. లాలప్ప మాట పూర్తి చేయకుండానే నీళ్ళ తొట్టి వైపు నడిచాడు.

వానలు వెనకబడి, పరుపులకు గిరాకీ పెరిగింది. ఒక మధ్యాహ్నం పని మీద పని పడి, లాలప్ప అన్నం తిన్న చేత్తోనే మళ్ళీ విల్లు పట్టుకున్నాడు. దూది మబ్బులా లేస్తోంది. బయట జమాలమ్మ గొంతు వినిపించి తలెత్తి చూశాడు.

బిడ్డను చంకనేసుకుని, దూది పడనంత దూరంలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మాబున్ని మొగం కందిపోయింది.

"యాడుండావు నువ్వు?" అంది జమాలమ్మ. "అన్నం యాల దాటినప్పట్నుంచి వాకిలి చూసి ఏడుస్తాంది. నేను ఊపితే ఊరుకోదు. నేను పాడితే ఇంకా ఎక్కువ చేస్తాంది. దానికి ఆ ఇల్లు కూలే పాటే కావాలంట."

మాబున్ని అతన్ని చూసింది. ఏడుపు ఆపి, రెండు చేతులూ చాపింది.

లాలప్ప విల్లుతో అట్లాగే ఉండిపోయాడు. ముందు సగం ఏకిన దూది కుప్ప ఉంది. తాత వైపు చూసి, "ఈ కుప్ప కానిచ్చి పోతా తాతా" అన్నాడు. "ఒక్కరోజుకేముందిలే, నా అలవాటు యాడికి పోతాది."

పీరప్ప తాత లేచి వచ్చి, అతని చేతిలోంచి విల్లు తీసుకున్నాడు.

"ఆ అలవాటు ఇప్పుడు నీది కాదబ్బీ, బిడ్డది" అన్నాడు. "పో, ఒళ్ళు కడుక్కో."