సముద్రపొడ్డున అడుగుల అరిసెలు

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దున్న అయిదూ పదికి, ఒక అమ్మమ్మ మూకుట్లోంచి ఆఖరి అరిసె తీసింది. రెండు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తింది. ఆరాక స్టీలు డబ్బాలో సర్ది, మూత బిగించింది.

ఆ ఊరు అత్తిలి. ఆ అమ్మమ్మ పేరు భ్రమరాంబ. ఆవిడకి ఒక్కత్తే కూతురు, మాధురి. మాధురికి ఒక్కత్తే కూతురు, ధాత్రి. ధాత్రికి పదిహేడో నెల. ఇంకా అడుగు వెయ్యలేదు.

నడవకపోతే పాకుతుంది కదా అంటావేమో. పాకేది కూడా కాదు. కూచునే, పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా తిరిగేది, పడవలాగా. నిలబెడదామని ఎత్తితే కాళ్ళు రెండూ కడుపులోకి ముడిచేసేది. డాక్టరు చూసి, "ఏం పర్లేదమ్మా, దానికి తోచినప్పుడు అదే నడుస్తుంది" అన్నాడు. దానికి మాత్రం తోచలేదు.

"పేరేమో ధాత్రి. కాలేమో నేల మీద పెట్టదు" అనేవాడు తాతయ్య రామబ్రహ్మం.

తాతయ్యకి అది నవ్వులాట. భ్రమరాంబకి దిగులు. ఎందుకంటే మన ఇళ్ళల్లో పసిపిల్ల బోర్లా పడితే బొబ్బట్లు చెయ్యాలి. పాకితే పాకుండలు. గడప దాటితే గారెలు. అడుగేస్తే అరిసెలు. ఆ అరిసెలు వరసగా పరిచి, పిల్లని వాటి మీద నడిపించి, ఆ తర్వాత అందరికీ పంచాలి.

మాధురి వాళ్ళుండేది బెంగుళూరులో. ధాత్రి బోర్లా పడిందీ అక్కడే, గడప దాటిందీ అక్కడే. భ్రమరాంబ రెండూ ఫోన్లోనే చూసింది. చూసి, ఇక్కడ బొబ్బట్లు చేసింది, ఇక్కడ గారెలు వండింది. పిల్ల లేని ఇంట్లోంచి వీధిలో అందరికీ పంచింది. పాకనే లేదు కాబట్టి పాకుండలు చెయ్యలేదు.

"నా మనవరాలు నా నోటి దగ్గర పాకుండలు ఎగ్గొట్టింది" అని తాతయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఇంక మిగిలింది అడుగొక్కటే. ఆ ఒక్కటైనా తన కళ్ళతో తను చూడాలని భ్రమరాంబ కోరిక.

అప్పుడు మాధురి, అల్లుడు ప్రదీపు సెలవు పెట్టుకుని పిల్లతో వచ్చారు. అందరం కలిసి సముద్రానికి పోదాం అన్నారు. పేరుపాలెంలో, కొబ్బరితోట మధ్య, మూడు రోజులకి రెండు గదులు తీసుకున్నారు. మూడో రోజు సాయంత్రం భీమవరంలో బెంగుళూరు రైలెక్కాలి. అందుకని భ్రమరాంబ ముందే అరిసెలు వండేసింది. బియ్యం నానాలి, పిండి కొట్టాలి, పాకం పట్టాలి. పిల్ల అడుగేశాక మొదలెడితే రైలు ఆగుతుందా?

భ్రమరాంబ అత్తగారు సుభద్రమ్మ ఆ డబ్బా చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఎవరైనా ముందే వండుతారుటే? ముందే వండితే వేసే అడుగు కూడా ఆగిపోతుంది."

"అయితే దార్లో తలో ఒకటీ తినేద్దాం. పీడా పోతుంది" అన్నాడు తాతయ్య.

"పిల్ల తొక్కకుండా ఒక్కటి ముట్టుకున్నా ఊరుకునేది లేదు" అని అత్తా కోడలూ ఒక్కసారే అన్నారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదుండటం అరుదు. తాతయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఈ సుభద్రమ్మ ధాత్రికి తాతమ్మ. పోయిన వానాకాలంలో పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది. ధైర్యం మాత్రం అతుక్కోలేదు. అప్పటినుంచీ వాకర్ ఉండాలి, లేదా ఎవరి చెయ్యో ఉండాలి. ఏదీ లేకుండా మంచం పక్కనున్న చెంబు దగ్గరకి కూడా వెళ్ళేది కాదు.

సరే, వ్యానెక్కారు. వెనక సీట్లో వాకర్, కాళ్ళ దగ్గర పులిహోర గిన్నె, భ్రమరాంబ ఒళ్ళో అరిసెల డబ్బా. భీమవరం దాటారు, మొగల్తూరు దాటారు. ఆ తర్వాత సరుగుడు చెట్లొచ్చాయి. ఆ చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపించింది. ధాత్రి కిటికీకి ముక్కు ఆనించి, "బువ్వ" అంది. దానికి అంత పెద్దది ఏది కనిపించినా బువ్వే.

మొదటి రోజు మాధురి పిల్లని ఎండిన ఇసకలో దించబోయింది. ధాత్రి కాళ్ళు ముడిచేసింది. అప్పుడు కూచోబెట్టింది. ధాత్రి గుప్పెడు ఇసక తీసింది, వేళ్ళకి అంటుకున్న ఇసకని చూసి ముక్కు చిట్లించి, చెయ్యి చాపింది. అమ్మ తుడిచింది. మళ్ళీ గుప్పెడు తీసింది. నాన్న తుడిచాడు. మళ్ళీ తీసింది. తాతయ్య పంచె చెంగుతో తుడిచాడు. ఆ పూటంతా అదే పని. అందరికీ చేతులు నొప్పెట్టాయి, ధాత్రికి తప్ప.

రెండో రోజు ప్రదీపు వంతు. పిల్లని తడి ఇసక దాకా ఎత్తుకెళ్ళి, కెరటం వచ్చే వేళకి దించబోయాడు. ధాత్రి నాన్న చొక్కా పట్టుకుని ఎక్కింది, భుజం ఎక్కింది, జుట్టు పట్టుకుని నెత్తినెక్కింది. అక్కణ్ణించి కెరటాన్ని చూసి "పో" అంది. కెరటం పోయింది. "దా" అంది. కెరటం వచ్చింది. ఇంక చూడు, పొద్దు వాలేదాకా పో, దా, పో, దా. సముద్రమంతటిది తన మాట వింటుంటే కిందకి దిగాల్సిన పనేముంది?

"అల్లుడుగారూ, పిల్లకి నడక రాలేదు కానీ మీకు బట్టతల వచ్చేట్టుంది" అంది సుభద్రమ్మ కుర్చీలోంచి.

ఆ సాయంత్రమే తాతయ్య ఒక ఎర్ర బంతి కొన్నాడు. పిల్లని దుప్పటి మీద నిలబెట్టినట్టే పట్టుకుని, బంతిని దూరంగా దొర్లించాడు. "వెళ్ళు తల్లీ, తెచ్చుకో."

ధాత్రి కూచుండిపోయింది. బంతిని చూసింది, తాతయ్యని చూసింది, వేలు చూపించి "తే" అంది. తాతయ్య వెళ్ళి తెచ్చాడు. మళ్ళీ దొర్లించాడు. "తే" అంది. మళ్ళీ తెచ్చాడు.

"ఏవండీ, మీకు నడక బాగానే వచ్చింది. మీకు పరవనా అరిసెలు?" అంది భ్రమరాంబ. అందరూ పడీ పడీ నవ్వారు. ఆవిడా నవ్వింది.

కానీ గదికి వచ్చాక ఆవిడ అన్నం సరిగా తినలేదు. డబ్బా మూత తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. సుభద్రమ్మ, "నే చెప్పలా? ముందే వండితే ఆగుతుందని" అంది. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే కోడలు ఆ పూట తలొంచుకుని పక్కలు పరుచుకుంటూ పోయింది. అది చూసి సుభద్రమ్మే మెత్తబడింది. ఆ తర్వాత, "దాని మొహం. అడుగులేగా, ఎక్కడికి పోతాయి? పడుకో" అంది.

నిద్రొస్తోందా? కొంచెం ఆగు. మూడో రోజే అసలు సంగతి.

మూడో రోజు పొద్దున్నే అందరూ ఆఖరిసారి ఒడ్డుకి వెళ్ళారు. ఎండ ఇంకా ముదరలేదు. మాధురి దుప్పటి పరిచి పిల్లని కూచోబెట్టింది. సుభద్రమ్మ ఎప్పట్లాగే సరుగుడు నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో కూచుంది. ఇసకలో వాకర్ కాళ్ళు దిగబడిపోతాయి కాబట్టి రెండు రోజులూ ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు.

అప్పుడు ఉన్నట్టుండి అంది: "ఇంత దూరం వచ్చి కాళ్ళు తడవకుండా పోతే, ఊళ్ళో ఏమని చెప్పుకోను?"

"అమ్మా, కుర్చీతో సహా ఎత్తుకెళ్తాం. నేనో పక్క, అల్లుడో పక్క" అన్నాడు రామబ్రహ్మం.

"ఎందుకురా, నేనేమన్నా ఉత్సవ విగ్రహాన్నా ఊరేగించడానికి? నడిచే పోతాను. భ్రమరా, చెయ్యియ్యి. మధ్యలో వదిలావో, ఊరుకోను."

"నేనెందుకు వదులుతానండీ అత్తయ్యగారూ?"

భ్రమరాంబ ఒక చేత్తో అత్తగారి చెయ్యి పట్టుకుంది. రెండో చేతిలో అరిసెల డబ్బా. కాకుల భయానికి దాన్ని ఎక్కడా పెట్టేది కాదు.

ఇద్దరూ బయలుదేరారు. సుభద్రమ్మ చెప్పులు విప్పేసింది. ఒక కాలు ఎత్తింది, ఆగింది, వేసింది. ఇసక కిందకి జారింది. "అమ్మో" అంది. రెండో కాలు ఎత్తింది, ఆగింది, వేసింది. ఒళ్ళు అటూ ఇటూ ఊగింది. ఖాళీగా ఉన్న చెయ్యి గాల్లోకి చాపింది.

దారిలో దుప్పటి ఉంది. దుప్పటి మీద ధాత్రి ఉంది.

ధాత్రి ఆ నడక చూసింది. అంతవరకూ దాని చుట్టూ నడిచినవాళ్ళందరూ గబగబా నడిచేవాళ్ళే. మోకాళ్ళు కనిపించేవి, పోయేవి. ఇప్పుడు ఒకావిడ నెమ్మదిగా, ఊగుతూ, పడబోతూ, పడకుండా, ఒక్కో కాలూ చూసుకుంటూ వెళ్తోంది. ధాత్రి నోట్లోంచి వేలు తీసేసింది. పిర్రల మీద జరుగుతూ దుప్పటి అంచుకి వచ్చింది. తాతమ్మ చీర కుచ్చిళ్ళు దగ్గరకి రాగానే పట్టుకుంది. పట్టుకుని లేచి నిలబడింది.

ప్రదీపు చటుక్కున ఫోను ఎత్తిపట్టాడు.

తాతమ్మ ఒక కాలు ఎత్తింది. ధాత్రి ఆ కాలుని చూసి, తనూ ఎత్తింది. తాతమ్మ ఇసకలో వేసింది. ధాత్రీ వేసింది. వేళ్ళు ముడుచుకున్నాయి, మళ్ళీ విచ్చుకున్నాయి.

"ఏయ్ పిల్లా, నా చీర లాగావంటే ఇద్దరం పడతాం. వదులు" అంది సుభద్రమ్మ.

ధాత్రి వదిలేసింది. వదిలేసి, రెండు చేతులూ గాల్లోకి చాపి, తాతమ్మ వెనకాలే ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. ఇంకోటి కూడా వేసి, ధబ్బున కూచుని, ఎవరో తోసినట్టు అందరి వంకా చూసింది.

ఒడ్డంతా అదిరిపోయింది. తాతయ్య తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. ప్రదీపు ఫోను పట్టుకునే గంతులేశాడు. మాధురి నవ్వుతూనే ఏడ్చింది. భ్రమరాంబ అప్పటికే డబ్బా మూతతో కుస్తీ పడుతోంది. ఆ గోలలో అత్తగారి చెయ్యి ఎటు పోయిందో ఆవిడకి తెలీదు. మళ్ళీ తెలివొచ్చి చూసేసరికి ఆ చెయ్యి తన చేతిలోనే ఉంది.

"ఏవండీ, ఆ తువ్వాలు ఎగరేసింది చాలు, ఇలా పరవండి."

తువ్వాలు మీద మూడు అరిసెలు పరిచింది. మాధురి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ధాత్రి మొదటి అరిసె తొక్కింది. రెండో అరిసె తొక్కింది. మూడోదాని మీద కూచుని, కింద చెయ్యి పెట్టి ఒక ముక్క లాగి, నోట్లో పెట్టుకుంది.

"దీనికి శాస్త్రం ఒప్పుకుంటుందా అత్తయ్యగారూ?" అంది భ్రమరాంబ కంగారుగా.

"తొక్కిందా లేదా? తిందా లేదా? ఇంకేం శాస్త్రం కావాలే?" అంది సుభద్రమ్మ.

అప్పుడు పంచారు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళకి ఇచ్చారు. ఒడ్డున టీ కొట్టు పెట్టుకున్న మంగకి ఇచ్చారు. నీళ్ళల్లో ఆడుతున్న ఎవరెవరి పిల్లలకో ఇచ్చారు. ఇసక అంటినవి మాత్రం తాతయ్యకి మిగిలాయి. "ఈసారి బాగా కరకరలాడుతున్నాయే!" అంటూ అన్నీ తినేశాడు.

ఆ తర్వాత భ్రమరాంబ అత్తగారిని నీళ్ళ దాకా తీసుకెళ్ళింది. కెరటం వచ్చి సుభద్రమ్మ పాదాలు కడిగి పోయింది. "పో" అంది ధాత్రి, అమ్మ చంకలోంచి.

"నువ్వు పట్టుకోబట్టి సరిపోయింది కానీ, లేకపోతే పడేదాన్నే" అంది సుభద్రమ్మ కోడలితో. భ్రమరాంబ ఆ చేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. సాయంత్రం పిల్లా వాళ్ళూ రైలెక్కారు. పెద్దవాళ్ళు ముగ్గురూ అత్తిలి వచ్చేశారు. సుభద్రమ్మ మళ్ళీ వాకర్ పట్టుకుంది.

అయిదు రోజులు గడిచాక మాధురి ఫొటోలు పంపింది. అందులో ఒకటి సరిగ్గా ఆ క్షణానిదే. ధాత్రి చేతులు చాపి అడుగేస్తోంది. భ్రమరాంబ కళ్ళజోడు పెట్టుకుని, ఆ చిన్న పాదం బాగా కనపడాలని రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసింది. చేసి, పక్కకి జరిపింది. జరిపి, అలాగే ఉండిపోయింది.

ధాత్రికి రెండడుగుల ముందు సుభద్రమ్మ ఉంది. ఆవిడా చేతులు రెండూ గాల్లోకి చాపింది. ఒక కాలు ఇసకలో ఉంది, ఒక కాలు పైకి లేచి ఉంది. ఆవిడ వెనకాల, బాగా వెనకాల, భ్రమరాంబ ఉంది. భ్రమరాంబ చేతులు రెండూ అరిసెల డబ్బా మూత మీదున్నాయి.

ఆవిడ లేచి వెళ్ళి ఫోను అత్తగారి చేతికిచ్చింది. సుభద్రమ్మ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"పిల్ల ముందు ఈ ముసలిదెవరే?"

"మీరే అత్తయ్యగారూ."

"మరి నా చెయ్యెవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదండీ."

సుభద్రమ్మ ఆ ఫొటోని ఇంకోసారి చూసుకుంది. ఆ తర్వాత మంచం పక్కనున్న వాకర్‌ని ఒక చేత్తో అవతలకి నెట్టి, తలెత్తింది.

"అయితే మరి నా అరిసెలేవే?"

కెరటం వచ్చింది, కెరటం పోయింది,
అరిసెల డబ్బా ఖాళీ అయింది.
కథేమో నడిచి కంచికి చేరింది,
నిద్రేమో నడిచి మనింటికి చేరింది.