అడుగు లేని జేబు

మా మేస్త్రి గవరయ్య గారికి ఒక అలవాటుండేది. ఏ పనికి కూర్చున్నా ఆ పనికంటూ ఒక సూది తీసేవారు. కుట్టడం అయిపోయి, సరుకుని కుట్టించుకున్న మనిషి చేతికిచ్చేసి, ఆ మనిషి కొట్టు గుమ్మం దిగిపోయాక కూడా ఆ సూదిని సూదుల దిండులో గుచ్చేవారు కారు. దారంతో సహా చొక్కా గుండెల మీద గుచ్చుకుని తిరిగేవారు. ఒక్కోసారి ఆ పూటే తీసేవారు, ఒక్కోసారి పది రోజులకి. ఒక లారీ పట్టా కుట్టిన సూది వానాకాలం వెళ్ళేదాకా ఆయన గుండెల మీదే ఉంది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళం మేమూ అలాగే చెయ్యాలి. ఎందుకని అడిగినవాడు లేడు. నేను అడిగాను. "మేస్త్రీ, పని అయిపోయిందని దేన్నిబట్టి తెలుస్తాది? కుట్టు అయిపోయాక ఇంకా ఏటి మిగులుద్ది?" అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి, "మైనం డబ్బాకి మూత పెట్టు, గట్టిపడిపోతంది" అన్నారు. అప్పటికి నాకు ముప్పయ్యేళ్ళు, ఆయన దగ్గర తొమ్మిదేళ్ళ పని. జవాబు అడిగితే మూత పెట్టమన్నారు. అలాంటివి నేను మర్చిపోయే రకం కాదు.

మా కొట్టు నర్సీపట్నంలో, కొండ రోడ్డు మొదలయ్యే చోట. కేన్వాసు పని. లారీ పట్టాలు, డేరాలు, మోతకి పనికొచ్చే సంచులు. అక్షరాలు నాకు అంతంతమాత్రం. ఈ కాగితం మీద తప్పులుంటే ఉండనీండి, నా కుట్టులో తప్పుంటే చూపించమనండి. అంగుళానికి ఏడు కుట్లు, ఎక్కువా తక్కువా కాదు. ఇప్పుడు బజార్లో దొరికే సంచుల్ని నేను చేత్తో కూడా ముట్టుకోను.

నేను ఆ ప్రశ్న అడిగిన కొద్ది రోజులకి వంతల సన్యాసమ్మ అనే కొండమనిషి కొట్టుకొచ్చింది. పాతికేళ్ళుంటాయి. వీపు మీద పాత చీరముక్కతో పది నెలల ఆడపిల్లని కట్టుకుని ఉంది. కొండ కింద ఆసుపత్రివాళ్ళు ఆమెకి పని ఇచ్చారట. వారానికి మూడు రోజులు మందుల పెట్టె మోసుకుని ఆరు గూడేలు తిరగాలి. ఆమె భర్త జీపు తోలతాడు, తెల్లారేసరికి ఇంట్లో ఉండడు. పిల్లని చూసుకునే అత్త ఆ ఏడే పోయింది. "పెట్టె ఈపు మీదే ఎత్తుకోవాలి బాబూ. దారిలో గెడ్డ నీళ్ళు దాటాలి, ఒక చేత కర్ర, ఒక చేత తాడు. పిల్లా ఈపు మీదే, పెట్టే ఈపు మీదే. రెండూ ఒక్క సంచిలో పట్టేలాగ కుడతారేటి? సోమారం నాడు రాలేనంటే ఇంకో మనిషిని చూసుకుంటామన్నారు" అంది. ఆ పని దొరకడం ఆ ఇంటికి ఎంతో ఆమె చెప్పలేదు. చెప్పకుండానే తెలుస్తోంది.

మేస్త్రి ఆ పిల్లని చూశారు, ఆమె చేతుల్ని చూశారు. నా వైపు తిరిగి, "ఇది నువ్వు కుట్టు. నేను వేలు పెట్టను" అన్నారు. పూర్తిగా నా ఒక్కడి చేతికి వచ్చిన మొదటి పని అది.

ఎలా కుట్టానో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. పైన పిల్ల కూర్చునే అర, కింద పెట్టె. బరువు భుజాల మీద పడకుండా నడుం మీద కూర్చునేలా వెడల్పాటి పట్టీ. వీపుకీ పిల్లకీ మధ్య చెమట పట్టకుండా దూది మెత్త. పైన వానకి గొడుగులాంటి మూత. పిల్ల కాళ్ళు పెట్టెకి ఒరుసుకోకుండా చుట్టూ మూసేసిన కాళ్ళ తిత్తి. నీళ్ళసీసాకి, బిస్కట్లకి, పిల్ల గుడ్డలకి, టార్చిలైటుకి తలా ఒక జేబు. కుడి నడుం దగ్గర, సరిగ్గా కాళ్ళ తిత్తి మీద, మందుల రిజిస్టరుకని ఒక లోతైన జేబు. దానికి ఇత్తడి బొత్తాం. ఆ ఒక్క జేబుకే ఒకటిన్నర రోజు పట్టింది. దాని మూత పడేటప్పుడు చప్పుడు కూడా ఉండదు.

మా కొట్టులో ఏ సంచికైనా ఇసక కట్టడం అని ఒకటుంది. ఎంత బరువు మొయ్యాలో అంత ఇసక నింపి, దూలం కొక్కేనికి మూడు రోజులు వేలాడదీస్తాం. కుట్టు జరక్కపోతే పాస్. పిల్ల ఎనిమిది కేజీలు, పెట్టె ఆరు. నేను ఇరవై కేజీల ఇసక కట్టాను. మూడు రోజుల తరవాత దించితే నూలుపోగు కదల్లేదు. మేస్త్రి చేత్తో తడిమి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మాకు బిరుదు. నా సూదిని నా చొక్కాకి గుచ్చుకుని, ఈసారి సంచి చేతికిచ్చిన పూటే తీసేస్తాననుకున్నాను.

శనివారం పొద్దున్న సన్యాసమ్మ వచ్చింది. నేనే పట్టీలు బిగించి, పిల్లని ఎక్కించి, కింద పెట్టె సర్దాను. బరువు చూసుకుని ఆశ్చర్యపోయింది. "తేలిగ్గా ఉంది బాబూ" అంది. కొట్టులో నాలుగడుగులు వేసింది. మెడ తిప్పి వెనక్కి చూసింది. ఇంకో నాలుగడుగులు వేసింది, మళ్ళీ చూసింది. కుడిచెయ్యి వెనక్కి పోనిచ్చి దేనికో వెతికింది. ఆ చేతికి నా ఇత్తడి బొత్తాం తగిలింది. ఎడమచెయ్యి పెట్టింది, నీళ్ళసీసా తగిలింది. గుమ్మం దాకా వెళ్ళేలోగా ఏడెనిమిది సార్లు వెనక్కి తిరిగింది. నాకు నవ్వొచ్చింది.

"పిల్ల ఎక్కడికీ పోదులేవమ్మా! రెండు వరసల కుట్టది. ఏనుగుని కూర్చోబెట్టినా జారదు" అన్నాను.

ఆమె నవ్వలేదు. పట్టీలు విప్పి, సంచి కిందకి దింపి, పిల్లని తీసి ఆ పాత చీరముక్కతోనే వీపుకి కట్టుకుంది. "సంచి శానా బాగుంది. నాకు వద్దు బాబూ. సోమారం రానని ఆసుపత్రిలో సెప్పేస్తాను" అంది. అంతే. ఎందుకు వద్దో చెప్పదు. పెట్టె మొయ్యలేకా కాదు, సంచి బరువయ్యీ కాదు. పనైనా వదులుకుంటానంటోంది గాని నా సంచి వేసుకోనంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మేస్త్రి వైపు తిరిగి, "ఇందులో లోపం ఏటో మీరైనా చెప్పండి. లోపం లేకపోతే లేదని ఈవిడకి చెప్పండి" అన్నాను.

మేస్త్రి కత్తెర నడుంకి దోపుకుని లేచారు. "సంచి నువ్వేసుకో" అన్నారు. సన్యాసమ్మతో, "అమ్మా, పిల్లని ఒక్క పావుగంట వీడికియ్యి. నువ్వు వెనకాలే నడు, కంటికెదురుగా ఉంటాది" అన్నారు. ఆమె తటపటాయించి ఇచ్చింది. పిల్లా పెట్టే నా వీపు మీదకొచ్చాయి. కొండ రోడ్డు మొదటి మలుపు దాకా నడవమన్నారు. నేను ముందు, వాళ్ళిద్దరూ నా వెనక.

మొదట బాగానే ఉంది. పిల్ల ఊ అంటోంది, ఆ అంటోంది, నా జుట్టు పీకుతోంది. నేను మంచి ఊపు మీద నడుస్తున్నాను. టీకొట్టు దాటి ఎత్తు మొదలయ్యాక పిల్ల మాట ఆగిపోయింది. పది అడుగులేశాను. ఏమీ లేదు. ఇంకో ఇరవై వేశాను. జుట్టు పీకడం కూడా లేదు. నా వీపుకి కదలిక తెలియదు, మధ్యన నేను పెట్టిన దూది మెత్త ఉంది.

"ఏమ్మా, పిల్ల పడుకుందేటి?" అని అడిగాను. వెనకనించి జవాబు లేదు. సన్యాసమ్మ నోరు తెరవబోతే మేస్త్రి చెయ్యెత్తి ఆపారని తరవాత తెలిసింది.

"మేస్త్రీ, పడుకుందేటండీ?"

"నీ సంచి కదురా. నువ్వే చెప్పు" అన్నారాయన.

చెయ్యి వెనక్కి పెట్టాను. ఇత్తడి బొత్తాం తగిలింది. ఇంకో చెయ్యి పెట్టాను. సీసా తగిలింది. పెట్టె తగిలింది, పట్టీ తగిలింది, నా కుట్టు వేలికి తగిలింది. పిల్ల తగల్లేదు. మెడ తిప్పితే వాన మూత అంచు కనిపించింది. నేను తిరిగితే సంచీ నాతో తిరిగింది. రోడ్డు మధ్యన అలా రెండు చుట్లు తిరిగాను. టీకొట్టు దగ్గర ఒకడు నన్ను చూసి పడీపడీ నవ్వాడు. వాడి పేరు నాకిప్పటికీ తెలుసు. రాయను, రాస్తే వాడికి గౌరవం. ఆఖరికి మోకాళ్ళ మీద కూలబడి, నేను బిగించిన కట్లు నేనే విప్పలేక విప్పలేక విప్పి, సంచి ముందుకి తెచ్చుకున్నాను. పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ముక్కు కింద వేలు పెట్టి చూసుకున్నాను. వేలికి వెచ్చగా ఊపిరి తగిలేదాకా నాకు చుట్టుపక్కల ఏదీ కనిపించలేదు.

సన్యాసమ్మ వచ్చి పిల్లని తీసుకుని రోడ్డు వార రాయి మీద కూర్చుంది. ఎవర్నీ చూడకుండా చెప్పింది. "దీని ముందు ఒకర్తి ఉండేది. జొరమొస్తే ఈపుకి కట్టుకుని ఆసుపత్రికి దిగతన్నాను. దారంతా అమ్మా అమ్మా అంటానే ఉంది. తరవాత అన్నేదు. నిద్దరోయిందనుకున్నాను. సుకంగా పడుకుంది పోనీలే అని నాను ఇంకా మెల్లగా నడిసినాను బాబూ. గెడ్డ దాటినాక కాలు పట్టుకుంటే..." అంటూ పిల్ల కాలు గుప్పిట్లోకి తీసుకుంది. "గుడ్డలో ఐతే కాళ్ళు నా నడుం దగ్గిరే ఉంటాయి. ఇప్పుడు దీని కాలు వొదలను. పట్టుకునే నడుస్తాను" అంది.

పిల్ల ఎక్కడికీ పోదులేవమ్మా అన్నాను నేను ఆమెతో, ఆ పొద్దున్నే. నవ్వుతూ అన్నాను.

తిరిగి కొట్టుకి నడుస్తుంటే నోరూరుకోక, "మూడు రోజులు ఇసక మోసింది మేస్త్రీ, పోగు కదల్లేదు" అన్నాను.

"ఇసక నిద్దరోదురా, నూకరాజూ" అన్నారు.

కొట్టులోకి రాగానే సంచిని బల్ల మీద పెట్టి, నడుంలోంచి కత్తెర తీశారు. నన్ను అడగలేదు. రిజిస్టరు జేబు మూత ఎత్తి, కత్తెర లోపలికి పోనిచ్చి, జేబు అడుగుని, దాని కింద కాళ్ళ తిత్తి గుడ్డని కలిపి ఒక్క కోత కోశారు. ఒకటిన్నర రోజు పని. అడుగుకి అంగుళానికి ఏడు చొప్పున రెండు వరసలు. కేన్వాసు తెగే చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు, తొమ్మిదేళ్ళు విన్నాను. ఆ చప్పుడు మాత్రం ఇంకోలా ఉంది. బయటి మనిషి ముందు నా పని మీద కత్తెర పెట్టారు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయన పోయినప్పుడు పాడె మోస్తూ కూడా అది గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనే రాస్తున్నాను, దాచడం నాకు చేతకాదు.

కోసిన అంచు గరుకుగా ఉంది. మేస్త్రి తన భుజం మీది పాత తువ్వాలు చింపి, మెత్తటి ముక్క నా ఒళ్ళో పడేశారు. "పిల్ల కాలికి గుచ్చుకోకూడదు, ఆవిడ చేతికీ గుచ్చుకోకూడదు. కుట్టు" అన్నారు. నా చొక్కా మీది సూదే తీశాను. ఆ ముక్కని అంచు చుట్టూ మడిచి కుట్టాను. అంగుళానికి ఏడు పడ్డాయో లేదో నేను చెప్పలేను. నా జన్మలో లెక్క చూసుకోని కుట్టు అదొక్కటే. సూదిని మళ్ళీ చొక్కాకే గుచ్చుకున్నాను.

సన్యాసమ్మ మళ్ళీ వేసుకుంది. పిల్ల నిద్రలోనే అరలోకి జారింది. ఆమె కుడిచెయ్యి జేబులోకి పోనిచ్చింది. మణికట్టు దాకా పోయింది, అక్కడ ఆగింది. లోపల వేళ్ళు ఏం పట్టుకున్నాయో మాకు కనపడలేదు. ఆమె మొహంలో కనపడింది. ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలింది. రిజిస్టరు పెట్టెలో పెట్టేసుకుంది. "సోమారం ఎల్తాను బాబూ. గెడ్డ కాడ తాడు పట్టుకుంటాను, మిగతా దారంతా..." అని, మిగతాది చెప్పకుండా మేస్త్రికి దండం పెట్టింది. నాకూ పెట్టింది. నేను దానికి తగనని నాకు తెలుసు గనక తల వంచుకున్నాను.

ఆమె గుమ్మం దిగి కొండ రోడ్డు పట్టింది. నేను అక్కసు పట్టలేక, "అడుగు లేని జేబు కుట్టిన కొట్టని మనకి పేరొస్తాది" అన్నాను. మేస్త్రి గుమ్మంలోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. అప్పటికే ఆయనకి దూరపు చూపు ఆనడం మానేసింది, టీకొట్టు అవతల అంతా మసకే. ఆమె టీకొట్టు దాటింది. ఎత్తు ఎక్కింది. కుడిచెయ్యి జేబులోనే ఉంది. నేను బోర్లా పడ్డంత పని చేసిన చోటు కూడా దాటింది. మలుపు తిరిగి, కొండ చాటుకి వెళ్ళిపోయింది.

"వెనక్కి చూసిందేట్రా?" అని అడిగారు మేస్త్రి.

"లేదండి. ఒక్కసారీ చూడలేదు."

ఆయన నా గుండెల మీదికి చూపించి, "ఐతే ఆ సూది తీసి దిండులో గుచ్చు" అన్నారు.