నాణెంలో పట్టని గుర్రం

అనగనగా ఏడు సముద్రాల అవతల, చలిగాలుల దేశంలో, కెల్టులనే జాతివాళ్ల రాజు ఒకాయన ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు టారన్‌కు కాలు ఒక్కచోట నిలిచేది కాదు.

ఆ దేశంలో బంగారు నాణెం అంగట్లో ఉప్పూ పప్పూ కొనడానికి కాదర్రా. దొర తన చేత్తో ఇస్తాడు, వీరుడు పుచ్చుకుంటాడు. పుచ్చుకున్నాడా, ఇక ఆ దొర మనిషే.

అది తెలిసి కూడా పెద్దవాళ్లిద్దరూ ఒక దీవిలో ఉండే గ్రానక్ అనే మాంత్రికుడి దగ్గర మెరిసే నాణేలు చూసి చేతులు చాపారు. అంతే! గుప్పిళ్లు మూసుకుపోయాయి, నోళ్లు పడిపోయాయి. ఇల్లూ వాకిలీ మరిచి అతని గుమ్మం ముందు కాపలా నిలబడ్డారు.

టారన్‌కు తిండి సహించలేదు, కునుకు పట్టలేదు. అన్నల్ని తెచ్చుకుంటానని ముసలి గుర్రమెక్కాడు. అది మాటలొచ్చిన గుర్రం.

"నాయనా, నాణేలు కొట్టే కంచు అచ్చులో ఆ మాంత్రికుడు ఒక గుర్రాన్ని చెక్కి, అందులో ప్రాణం దాచుకున్నాడు. అచ్చు పెద్దది, నాణెం చిన్నది. గుర్రం మొత్తం ఎప్పుడూ పడదు. పడిందో, అది లేచి పారిపోతుంది, వాడి ప్రాణమూ పోతుంది" అంది.

టారన్ దీవికి వెళ్లి, మాంత్రికుడి దగ్గర కొలిమి పనివాడిగా చేరాడు.

"ఇదిగో, నాణెం పుచ్చుకో" అన్నాడు మాంత్రికుడు.

"ముందు నా పని చూడండి దొరా!"

మట్టి పలక గుంటల్లో బంగారం కరిగిస్తే గోళీలయ్యాయి. వాటిని సాగగొట్టి బిళ్లలు చేసి, అచ్చుమీద పెట్టి సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు తల పడింది. రెండో దెబ్బకు తోక పడింది. మాంత్రికుడు పక్కనుంచి కదలడే! టారన్ ఒక ఎత్తు వేశాడు.

"దొరా, బయట కొత్త వీరులు గోల చేస్తున్నారు. మీ చేత్తో ఇవ్వకపోతే మీ మనుషులెలా అవుతారు?"

మాంత్రికుడు గొణుక్కుంటూ వెళ్లాడు. టారన్ గబగబా మూడు గోళీలను ఒక్కటిగా కరిగించి, వెడల్పాటి బిళ్ల చేసి, కొట్టాడు మూడో దెబ్బ. తల, వీపు, నాలుగు కాళ్లు, తోక! బంగారు గుర్రం దూకి వాకిట్లోకి పరుగెత్తింది. "నా గుర్రం!" అంటూ మాంత్రికుడు వెంటపడి, మూడడుగులు వేసి కుప్పకూలాడు.

టారన్ అన్నల దగ్గరికి ఉరికాడు. గుప్పిళ్లు ఇంకా మూసే ఉన్నాయి. అతనికి ఏడుపొచ్చింది. అప్పుడు మాంత్రికుడి మాయ సడలి ఒక్కొక్క వేలే విడింది, నాణేలు కింద పడ్డాయి.

"తమ్ముడూ, అమ్మ ఎలా ఉందిరా?" అన్నాడు పెద్దన్న.

ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే ముసలి గుర్రం కాలు నేలకేసి కొట్టింది. "ఏడుపు దారిలో ఏడుద్దురు గాని, ముందు ఎక్కండి!"

పెళ్లిళ్లూ పట్టాభిషేకాలూ అన్నీ తర్వాత జరిగాయర్రా. ముందు వాళ్లమ్మ వాళ్లను చూసుకోవాలి కదా!