అడగని దాహం

ప్రశ్న వేసినవాడికి పని చెప్పడం గురువు భద్రయ్యగారి అలవాటు. ఆయన నోటితోనే జవాబు చెప్పారంటే ఆ వేళ కోపం వచ్చిందన్నమాట.

శిష్యుడు చిదంబరానికి అది తెలుసు. అయినా ఆ రోజు అడగక తప్పలేదు. ఆశ్రమం నడిపే వృద్ధుల శరణాలయం అజమాయిషీ అతనిదే. దాతలెవరో హాలంతా ఏసీలు పెట్టించాక అక్కడి ముసలివాళ్లు చెమటన్నది ఎరగరు. అంత హాయిలోనూ మాణిక్యమ్మ మూడు రోజులుగా అడ్డదిడ్డంగా మాట్లాడుతోంది. అక్కడున్న అందరి మనవల పేర్లూ గుక్కతిప్పుకోకుండా చెప్పే మనిషి, ఇప్పుడు చిదంబరాన్ని పట్టుకుని "అన్నయ్యా" అంటోంది.

"మతి పోయినవాళ్లను మనం చూసుకోలేం కదండీ. పిచ్చాసుపత్రికి పంపెయ్యమంటారా?"

అప్పుడే స్నానం చేసి వస్తున్న గురువుగారు రెండు తడి తుండుగుడ్డలు అతని చేతిలో పెట్టారు. "ఒకటి వరండాలో, ఒకటి ఆమె మంచం పక్కన ఆరెయ్యి."

బయట మబ్బు, ఉక్కపోత. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే వరండాలో గుడ్డ ఇంకా తడిగానే ఉంది. హాల్లోది ఏసీ గాలికి ఒరుగులా ఎండిపోయింది.

గురువుగారు మాణిక్యమ్మ పెదవులు చూశారు. బీటలు వారి ఉన్నాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. పక్కనే గ్లాసు బోర్లించి ఉంది.

"పొద్దుట్నించీ ఎన్ని నీళ్లు తాగించారు?"

"అడిగినవాళ్లకు వెంటనే ఇస్తున్నామండీ. ఆవిడ అడగలేదు. ఊరికే ఇస్తే పక్కలు తడుస్తాయని, అడిగితేనే ఇవ్వాలని నియమం పెట్టాం."

ఆహా, ఎంత చక్కటి నియమం! వయసు మళ్లినవాళ్లకు దాహం సరిగ్గా తెలియదని, చల్లటి గదిలో మరీ తెలియదని అది పెట్టిన మహానుభావుడికి తట్టనే లేదు. దుప్పటి పొడిగా ఉంటే చాలు, మనిషి ఎండిపోతే ఎవడిక్కావాలి! ఆ మహానుభావుడు చిదంబరమే. సిగ్గుతో అతని తల వాలిపోయింది.

డాక్టరును పిలిపించారు. సెలైన్ పెట్టారు. తేరుకున్నాక గురువుగారే పక్కన కూచుని చెంచాతో నీళ్లు పట్టారు. మర్నాడు సాయంత్రానికి మాణిక్యమ్మ కళ్లు నిలిపి చూసింది.

"ఏం చిదంబరం, భోంచేశావా నాయనా?"

చిదంబరానికి ఏడుపొచ్చినంత పనయింది. బయటికొచ్చి గురువుగారి కాళ్లమీద పడ్డాడు.

"తప్పయిపోయిందండీ. కానీ ఆవిడ ఒక్కసారైనా దాహమని అడిగి ఉంటే..."

భద్రయ్యగారు కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

"పిచ్చాసుపత్రి అడిగిందిట్రా? అది మాత్రం అడక్కుండానే ఇవ్వబోయావే!"