తల బరువు అడిగిన మోటారు

ఒక రాజ్యంలో పెద్దమంత్రికి నడుం పట్టేసింది.

ఇంకో రాజ్యంలో అయితే ఇది ఆయనకీ, ఆయన భార్యకీ, వైద్యుడికీ సంబంధించిన సంగతి. ఇక్కడ అలా కాదు. ఇక్కడ రాజు ఏం చెప్పినా, పక్కన కూర్చున్న మంత్రి నడుం వంచితేగాని అది ఆజ్ఞ కాదు. చిన్న ఆజ్ఞకు ఇంత వంగితే చాలు. పెద్ద ఆజ్ఞకు వీపు నేలకు సమంగా రావాలి. నీళ్ళ గురించో, శిక్షల గురించో అయితే నుదురు మోకాళ్ళకు తగలాలి. తాతల నాటి ఆచారం.

రాజుకు రోజుకు నలభై ఆలోచనలు వచ్చేవి. పెద్దమంత్రి ముప్పై ఏళ్ళు గంగిరెద్దులా తలూపుతూ వంగాడు, లేచాడు. ఆఖరికి ఒకరోజు వంగినవాడు లేవలేదు. నలుగురు పట్టుకుని నిలబెట్టారు. వైద్యుడు వచ్చి బెత్తెడు వెడల్పు పట్టీ నడుముకు బిగించి, "ఇక వంగితే నా పూచీ లేదు," అన్నాడు.

రాజ్యం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రాజు, ఊళ్ళో కదిలే బొమ్మలు చేసే ఆవిడకు కబురంపాడు. ఆమెను అందరూ బొమ్మలమ్మ అనేవాళ్ళు.

"మంత్రికి బదులు వంగే బొమ్మ కావాలి. మీట మాత్రం నా చేతిలో ఉండాలి," అన్నాడు రాజు.

బొమ్మలమ్మ రెండు బొమ్మలు చేసింది. రెండూ ఆమె పరువు తీశాయి.

మొదటి బొమ్మ చక్కగా వంగింది గానీ లేవలేదు. నడుములో పెట్టిన మోటారుకు ప్లాస్టిక్ పళ్ళు. తలపాగా బరువుకు అవి టకటకా విరిగాయి. బొమ్మ ముఖం ఒళ్ళో పెట్టుకుని ఉండిపోతే, పాపం దేనికో ఏడుస్తోందని సభలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

రెండో బొమ్మ లేచింది. కుదురుగా కూర్చోవడం మాత్రం దానికి రాలేదు. ఎవరూ మీట ముట్టకపోయినా వణుకుతూ, ఇంతింత వంగుతూ లేస్తూ ఉండేది. అదే సమయానికి పొరుగు రాజ్యం దూత వచ్చి, మాటవరసకు, "మీ తూర్పు కొండ ముచ్చటగా ఉంది, మాకిచ్చేయకూడదూ?" అన్నాడు. బొమ్మ వంగింది. కొండ నీళ్ళూ కాదు, శిక్షా కాదు, కాబట్టి ఆ వంపు చాలని ఆస్థాన పండితుడు తేల్చాడు. కొండ పోయింది.

"మూడోదీ ఇలాగే ఏడిస్తే నీ పనిముట్ల పెట్టె కోటగుమ్మం ముందు పూడ్పిస్తాను," అన్నాడు రాజు.

అది బొమ్మలమ్మ తల్లి పెట్టె. అందులోని ఆకురాయి పిడి మీద ముందు తల్లి బొటనవేలు, తర్వాత ఆమె బొటనవేలు గుంట చేశాయి. అది పోతే ఆమెకు చేతులున్నా లేనట్టే.

ఇంటికొచ్చి ఆలోచించింది. తప్పు ఆమెదే, ఊరందరిదీ కూడా. ఆ రాజ్యంలో దేన్నయినా బరువు లేకుండా చూసి ఎంచుకుంటారు. గుర్రాన్ని రౌతు లేకుండా, ఎద్దును బండి లేకుండా, మంత్రిని ఏ చిక్కూ లేని రోజున. మోటార్లనూ అంతే. కొట్టువాడు గాలిలో తిప్పి చూపిస్తాడు, కొనేవాళ్ళు చప్పట్లు కొడతారు.

ఈసారి ఆమె బొమ్మ మొండేన్ని, తలనూ, తలపాగానూ సంచీలో వేసుకుని బజారుకు బయల్దేరింది.

కొట్లో మోటార్లు వరసగా కూర్చున్నాయి. అగ్గిపెట్టెలో సగం లేవు. అన్నిటికీ ఒకే నీలి చొక్కా, ఒకే చీటీ. ఇవి పంకాలో మోటార్లలా గిరగిరా తిరిగే రకం కాదు. ఎంత తిరగమంటే అంత తిరిగి, అక్కడ ఆగి, మీదున్న బరువు మోస్తూ నిలబడాలి. పని అంతే, కానీ అదంత తేలిక కాదు.

"ఏది తీసుకున్నా ఒకటేనమ్మా. కళ్ళు మూసుకుని తీసుకో," అన్నాడు కొట్టాయన.

"కిందటిసారి అలాగే తీసుకున్నానయ్యా," అంది బొమ్మలమ్మ.

మొదటి మోటారు అడక్కముందే అటూ ఇటూ తిరిగి చూపించింది. "నా అంత వేగం ఈ బజారులో లేదు," అంది. ఆమె దాని మీద మొండెం బిగించి, తల పెట్టి, తలపాగా చుట్టి, "మధ్యలో నిలబడు," అంది. మోటారు కీచుమంది. బరువు ఎత్తలేకపోయింది, ఎత్తలేనని చెప్పనూ లేకపోయింది. అలాగే నెడుతూ నెడుతూ వేడెక్కింది. కాసేపటికి కొట్లో మాడువాసన వేసింది.

"కొత్త కదమ్మా, సిగ్గుపడుతోంది," అన్నాడు కొట్టాయన.

రెండోది నోరు తెరిచి, "నావి లోహపు పళ్ళు," అంది. బొమ్మలమ్మ మరలు విప్పి లోపల చూసింది. పైనున్న పన్ను ఒక్కటే లోహం. లోపలున్నవన్నీ ప్లాస్టిక్కే. ఆమె మూత పెట్టేసింది. కొట్టాయన పైకప్పు వాసాలు లెక్కపెట్టాడు.

మూడోదానికి నిజంగానే అన్నీ లోహపు పళ్ళు. బరువు మోసింది కూడా. కానీ ఊరికే ఉండమన్న చోట ఉండలేక, ఎవరో పిలిచినట్టు అస్తమానం అదురుతూనే ఉంది. బొమ్మలమ్మకు తూర్పు కొండ గుర్తొచ్చింది. దాన్ని జాగ్రత్తగా దాని చోట పెట్టేసింది.

మూలన దుమ్ములో ఉన్న ఒక మోటారు అప్పుడు గొంతు సవరించుకుంది.

"తల ఎంత బరువు?" అని అడిగింది.

ఇంతవరకు ఏ మోటారూ ఆమెను ఏమీ అడగలేదు. ఆమె తూకం చెప్పింది.

"నడుం నుంచి తల దాకా ఎంత పొడవు?"

"జానెడు."

"పొడవు రెండింతలైతే అదే బరువు రెండింతలు లాగుతుంది. జానెడైతే మోస్తాను. బెత్తెడు పెంచావంటే నన్ను పిలవకు. నిటారు నుంచి ముందుకు వీపు సమంగా వచ్చేదాకా వంగుతాను. ఆ కిందికి నా వల్ల కాదు. ఇంకోటి. నాకు తిండి వేరే బ్యాటరీ నుంచి పెట్టు. మీట మాట విని బొమ్మను నడిపే మెదడు కంచంలోంచి నేనూ తింటే, బరువెత్తిన ప్రతిసారీ మెదడుకు కళ్ళు తిరుగుతాయి."

"దాన్ని వదిలేయమ్మా. ఎవరొచ్చినా ఇవే ప్రశ్నలు. దీని నోటికి భయపడి ఒక్కరూ కొనలేదు. దీని తోబుట్టువు ఇంకోటి ఉంది, అదీ ఇంతే," అన్నాడు కొట్టాయన.

బొమ్మలమ్మ మొండెం బిగించి, తల పెట్టి, తలపాగా చుట్టింది. నిలబడమంది. నిలబడింది. చెవి దగ్గర పెట్టి విన్నది. చప్పుడు లేదు. వేలితో నొక్కింది. ఎదురు నిలిచింది, వేలు తీయగానే ఉన్న చోటే ఉంది. కొట్టాయన పులిహోర తిని, చేయి కడుక్కుని, ఒక కునుకు తీసి లేచేదాకా దాన్ని వంచుతూ, లేపుతూ కూర్చుంది. మొదటిసారి ఎక్కడ ఆగిందో ఐదొందలోసారీ అక్కడే ఆగింది.

"రెండూ ఇవ్వు," అంది. ఒకటి వాడటానికి, ఒకటి దాచుకోవడానికి.

సగం దారిలో ఆమెకు మోకాళ్ళకు నుదురు తగలాలన్న సంగతి గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. ఈ మోటారు మోకాళ్ళ దాకా వంగదు. వెనక్కి వెళ్దామా అనుకుంది. పెట్టె కళ్ళముందు మెదిలింది. కానీ దేనికైనా సరేనన్న రెండు బొమ్మలు కూడా మెదిలాయి. ఆ రోజు మాత్రం రాజుకు నీళ్ళ ఆలోచన రాకుండా చూడమని ఒక కొబ్బరికాయ మొక్కుకుని ఇంటికి నడిచింది.

సభ నిండింది. రాజు మీట పట్టుకున్నాడు.

"ఇకమీదట నేను నిద్ర లేచాకే కోళ్ళు కూయాలి."

బొమ్మ కొంచెం వంగి లేచింది. చప్పట్లు.

"తూర్పు కొండ బాగుందని ఎవరూ అనకూడదు."

వీపు సమంగా వంగి లేచింది. మళ్ళీ చప్పట్లు. బొమ్మలమ్మ ఊపిరి పీల్చుకుంది. రాజుకు హుషారొచ్చింది. హుషారొచ్చిన రాజుకు నీళ్ళే గుర్తొస్తాయి.

"ఊరి కాలువ మొత్తం నా తామరకొలనులోకి తిప్పాలి," అని మీట చివరిదాకా తిప్పాడు.

బొమ్మ వంగింది. వీపు సమంగా రాగానే ఆగింది. రాజు మీటను ఇంకా గట్టిగా నొక్కాడు. ఆగే ఉంది. లేచి వచ్చి వేలితో మెడ మీద నొక్కాడు. కీచుమనలేదు, వణకలేదు. వేలు తీస్తే ఉన్న చోటే ఉంది.

"దీనికి ఎవరు నేర్పారిది?" అన్నాడు రాజు.

బొమ్మలమ్మ ముందుకొచ్చింది. "ఎవరూ నేర్పలేదు ప్రభూ. ఇంతవరకే నా వల్ల అవుతుందని అది ముందే చెప్పింది. తమకు మనవి చేయకపోవడం నాదే తప్పు."

"అయితే ముందు నీ పెట్టె పూడ్చాలి," అని రాజు మీట వెనక్కి లాగి, బొమ్మ లేచాక మళ్ళీ తిప్పాడు.

అది శిక్ష. శిక్షంటే మోకాళ్ళు. బొమ్మ వంగి, సగంలో ఆగింది.

"తగల్లేదు ప్రభూ," అన్నాడు ఆస్థాన పండితుడు నేల చూపులు చూస్తూ.

రాజు పెద్దమంత్రి వైపు తిరిగాడు. "నువ్వు వంగు."

పెద్దమంత్రి నడుంపట్టీ మీద చెయ్యి వేసుకున్నాడు. బొమ్మ వైపు చూశాడు.

"వైద్యుడు వద్దన్నాడు ప్రభూ," అన్నాడు.

ఆ రోజు కాలువ ఎటు పారేదో అటే పారింది. పెట్టె బొమ్మలమ్మ చంకలోనే ఇంటికి వచ్చింది. దారిలో కొబ్బరికాయ కొట్టాలో వద్దో తేలక, చివరికి కొట్టేసి, ఇంట్లో దాచిన రెండో మోటారు ముందు కూడా ఒక కొబ్బరి ముక్క పెట్టింది.

మూడో రోజు పొద్దున్నే పెద్దమంత్రి ఆమె గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి వస్తూ, నేల మీద పడున్న మరను చటుక్కున వంగి తీసి బల్ల మీద పెట్టాడు. నడుముకు పట్టీ లేదు.

"నయమైందా అయ్యగారూ?" అంది బొమ్మలమ్మ.

"నెల కిందటే నయమైందమ్మా," అన్నాడాయన. "ఆ రెండో మోటారు ఉందా?"

"ఉంది. ఏ బొమ్మకి?"

పెద్దమంత్రి తన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

బొమ్మలమ్మ నవ్వలేదు. "దీనికి తిండి వేరే పెట్టాలండి. పక్కవాళ్ళ కంచంలోది పనికిరాదు," అంది.

"కోట జీతం లేకుండా గడిచే సంగతి మా ఆవిడతో మాట్లాడే వచ్చాను."

"అయితే సరే. తల ఎంత బరువుంటుంది?"

పెద్దమంత్రి తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎప్పుడూ తూచి చూడలేదమ్మా," అన్నాడు.

బొమ్మలమ్మ లేచి తక్కెడ తెచ్చింది.