ఎండ తగలని కనకం

ఊఁ కొట్టు తల్లీ. నువ్వు ఊఁ కొడితేనే కథ నడుస్తుంది. మానేస్తే ఉన్నచోటనే చతికిలబడుతుంది.

అనగనగా ఒక మగ్గాల ఊళ్ళో గవరమ్మ అనే నాయనమ్మ ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు. కోడలి పేరు నూకరత్నం. ఎన్నో ఏళ్ళు ఎదురుచూడగా ఆ ఇంట ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్ల నిమ్మపండులా పచ్చగా ఉంది. గవరమ్మ మురిసిపోయి కనకం అని పేరు పెట్టుకుంది.

అప్పుడు ఆమెకు ఒక బెంగ పట్టుకుంది. ఎండ తగిలితే ఈ రంగు కమిలిపోదూ? అందుకని మగ్గం గదిలోనే ఉయ్యాల కట్టించింది. కిటికీకి గోనెపట్టా వేలాడదీసింది. పిల్ల ఆ చీకట్లోనే, మగ్గం చప్పుడు వింటూ పెరిగింది.

"అత్తా, కాసేపు వీధిలోకి తీసుకెళ్ళనా?" అని కోడలు అడిగేది.

"తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు బొగ్గుల బస్తాలో వేసి తీసుకురా" అనేది గవరమ్మ.

ఏడాది దాటింది. ఈడు పిల్లలందరూ గడపలు దాటుతున్నారు. కనకం మాత్రం నిలబడలేదు. నిలబెడితే లేతకాళ్ళు విల్లులా వంగేవి. పిల్ల నొప్పితో ఏడ్చేది. గవరమ్మకు ఇంకో బెంగ పట్టుకుంది. ఈ పిల్ల నడుస్తుందా, నడవదా?

మొదట చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి కాచి తాగించింది. నడవలేదు. ఆ తర్వాత నువ్వులనూనె గోరువెచ్చగా కాచి కాళ్ళకు మర్దన చేసింది. నడవలేదు. ఆ తర్వాత అమ్మవారికి చీర పెడతానని మొక్కుకుంది. అమ్మవారూ ఊరుకుంది.

అప్పుడు నూకరత్నం మగ్గం దిగి పిల్లను చంకనేసుకుంది. "ఆసుపత్రికి వెళ్తున్నాను. నువ్వొస్తే నీతో, రాకపోతే నేనొక్కదాన్నే" అంది. కోడలు అలా మాట్లాడడం గవరమ్మ ఎన్నడూ ఎరగదు. తనూ చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల మణికట్లు, మోకాళ్ళు పట్టి చూసింది. "పాప ఎండలో ఆడుతుందా అమ్మా?" అని అడిగింది.

"ఎండా! పొడ కూడా సోకనివ్వలేదు" అంది గవరమ్మ గర్వంగా.

డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "మీరు పోసిన అంబలిలో ఎముకకు కావలసిన సున్నం ఉంది. మేం కాల్షియం అంటాం. అది పేగుల వాకిటిదాకా వచ్చింది. ఆ తలుపు తీసేది విటమిన్ డి. ఒంటిమీద ఎండ పడితే మన చర్మమే దాన్ని తయారుచేసుకుంటుంది. మీ పాపకు ఎండ లేదు, తలుపు తీసేవారూ లేరు. సున్నం చాలావరకు వచ్చిన దారినే పోయింది."

"పోతే పోయింది. ఉన్న ఎముకలు ఎందుకమ్మా మెత్తబడడం?"

"మెడలో గింజలంతేసి గ్రంథులు ఉంటాయి. నెత్తురులో సున్నం తగ్గగానే అవి ఒక కబురు పంపుతాయి. దాన్నే హార్మోను అంటాం. అది నెత్తురు వెంట వెళ్ళి, మీ దగ్గరున్నది ఇచ్చేయండి అని ఎముకలను అడుగుతుంది. అవి ఇచ్చేస్తాయి."

గవరమ్మకు ఒళ్ళు మండింది. "పసిదాని ఎముకలే దొరికాయా దానికి? కళ్ళు పోయాయా?"

"దాన్ని తిట్టకండి. సున్నం చాలకపోతే గుండె సరిగా కొట్టుకోదు. పిల్లను కాపాడాలనే అది ఆ పని చేసింది."

గవరమ్మ కనకం పాదాలను ఒళ్ళోకి తీసుకుంది. వాటికి మట్టి ఏమీ లేకపోయినా పమిటచెంగుతో తుడుస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ చుక్కల మందు రాసి ఇచ్చింది. రోజూ పాపను ఎండలో ఆడించమని చెప్పింది.

మొదట గవరమ్మ పిల్లకు నిండా చీర కప్పి అరుగు మీదికి తెచ్చింది. "ఎండ చీరకా, పిల్లకా?" అని కోడలు నవ్వింది. ఆ తర్వాత గొడుగు పట్టింది. కోడలు నవ్వలేదు, గొడుగు లాక్కుంది. ఆ తర్వాత గవరమ్మే పిల్ల చొక్కా విప్పి, దాన్ని ఎండలో కూర్చోబెట్టింది.

"ఏమే గవరా, మీ బంగారం రంగు కమిలిపోతోందే!" అంది పొరుగామె.

"కమిలిపోనీవే. నాకు దాని కాళ్ళు కావాలి."

నెలలు గడిచాయి. ఒకనాడు పొద్దున్నే వీధిలో పడుగు చాచారు. చీర పొడవునా లాగి కట్టిన ఆ నూలును, గంజి ఆరేదాకా ఎవరూ తాకకూడదు. గవరమ్మ కొడుకు కుంచెతో గంజి పూస్తున్నాడు. కనకం పాక్కుంటూ వచ్చి, పడుగును రెండు చేతులా పట్టుకుని లేచింది. పుటుక్కు పుటుక్కున దారాలు తెగాయి.

"అయ్యో, పడుగు!" అని కొడుకు కేకపెట్టాడు.

"నోరు ముయ్యరా! తెగిన దారం ముడేసుకోవచ్చు. అటు చూడు, అది నిలబడింది!"

కనకం పడుగును వదిలేసింది. కాళ్ళ వంపు ఇంకా పూర్తిగా పోలేదు. ఒక అడుగు వేసింది. తూలింది. ఇంకొకటి వేసింది. మూడోది వేసి, ఒళ్ళంతా గంజితో వచ్చి నాయనమ్మ మోకాళ్ళను వాటేసుకుంది.

ఎండమ్మా ఎండమ్మా, ఎముకల్లోకి రావమ్మా,
తలుపమ్మా తలుపమ్మా, తెరుచుకుని ఉండమ్మా.
నడిచి నడిచి ఈ కథ కంచి చేరింది,
ఊఁ కొట్టి ఊఁ కొట్టి నీ కన్ను మూతపడింది.

ఈ కథ నాకు మొదట చెప్పింది మా అమ్మమ్మ, వరహాలమ్మ.