మూతి మీద పసుపు

హేమచంద్రకి కావలసింది ఒక్క సంతకం. మూడు వారాలుగా శేషారత్నం గారు ఆ సంతకం పెట్టడం లేదు.

విశాఖపట్నంలో ఒక బీమా కంపెనీ. పాడి గేదెలకీ ఆవులకీ బీమా చేస్తుంది. గేదె చచ్చిపోతే యజమాని దాని ఫోటో తీసి పంపాలి, మూతి కనబడేలా. మనిషి బొటనవేలి మీద ఉన్నట్టే పశువు మూతి మీదా గీతలుంటాయి. ఏ రెండిటివీ ఒకలా ఉండవు. బీమా చేసిన రోజు ఫోటోనీ చచ్చిన రోజు ఫోటోనీ పక్కపక్కన పెట్టి, ఇది అదే గేదె, ఇది కాదు అని చెప్పే ఏఐని హేమచంద్ర తయారుచేశాడు. మనుషులు నెల రోజులు నాన్చే సంగతిని అది నాలుగు సెకన్లలో తేల్చేస్తుంది.

మూడు నెలల నుంచి అది చెబుతూనే ఉంది, వీళ్లు రాసుకుంటూనే ఉన్నారు. దాని మాట మీద ఇంతవరకూ ఎవరికీ డబ్బు రాదని చెప్పే ఉత్తరం వెళ్లలేదు. సోమవారం నుంచి వెళ్లాలి, అందుకు అనుమతి కాగితం మీద శేషారత్నం గారి సంతకం పడాలి. అది కాదంటే చాలు, ఉత్తరం దానంతటదే పోతుంది. ఆ మనిషి పేరు మోసగాళ్ల జాబితాలో పడుతుంది. ఆ జాబితాలో పడ్డవాళ్లకి ఇంకే కంపెనీ బీమా చెయ్యదు. బీమా లేకపోతే ఇంకో గేదెకి బ్యాంకు అప్పివ్వదు. పాలమ్ముకుని బతికే మనిషికి అక్కడితో సరి.

కంపెనీలో ఏఐ ఎక్కడ మాట్లాడవచ్చో, ఎక్కడ నోరు మూసుకోవాలో తేల్చే పెద్ద అధికారి శేషారత్నం గారు. యాభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు పశువుల పాకల్లో పేడ తొక్కుతూ గేదెల చెవులకి ట్యాగులు వేసిన మనిషి. ఇప్పుడు తొమ్మిదో అంతస్తులో కూర్చుంటుంది. పెద్ద పెద్ద సభలకి పిలుస్తారు. వెళ్తుంది, పది నిమిషాలు మాట్లాడుతుంది, శాలువా అక్కడే మరిచిపోయి వచ్చేస్తుంది.

ఆవిడ దగ్గర పని నేర్చుకోవాలని హేమచంద్ర ఇంతకన్నా పెద్ద జీతం వదులుకుని వచ్చాడు. మూడేళ్లయింది. నేర్చుకోవలసింది అయిపోయిందని ఈ మధ్య అనిపిస్తోంది. తెలివైన కుర్రాళ్లకి మూడో ఏడు ఈ జబ్బు చేస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్లాడు.

"ఇది చూడండి మేడం. చూశాక మీరే పెన్ను అడుగుతారు."

తెర మీద ఒక గేదె మూతి. కింద ఎర్రక్షరాలు. సరిపోలలేదు. మోసమని అనుమానం, తొంభై ఏడు శాతం.

"గుర్రాల పైడమ్మ. విజయనగరం అవతల పల్లె. గీతలు కనబడకుండా మూతికి ఏదో పూసింది మేడం. దట్టంగా పూసింది. సోమవారం మొదటి ఉత్తరం ఈవిడకే. మన మనుషులు ఎవరూ దీన్ని పట్టుకోలేరు. ఎందుకంటే దీనికి మీకంటే..." అని ఆగిపోయాడు.

"ఆగావేం? మంచి కళ్లున్నాయి, అంతేగా. నిజమే. నాకు శుక్లాలు మొదలయ్యాయి."

హేమచంద్ర తల దించుకున్నాడు. కొంచెమే.

"పద, క్యాంటీన్‌కి పోదాం," అని ఆవిడ లేచింది.

క్యాంటీన్ వంటింట్లో చేపముక్కలకి పసుపు పట్టించడానికి గిన్నెలో నూనె వేసి కలుపుతున్నారు. శేషారత్నం గారు అందులోంచి వేలితో ఇంత ముద్ద తీసి, అతని కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలికి దట్టంగా రాసింది. పెళ్లికొడుక్కి రాసినంత శ్రద్ధగా రాసింది.

"ఏంటి మేడం ఇది?"

"తుడవకు. బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రా."

ఆఫీసు తలుపు గాజుది. బయటికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోపలికి రావాలంటే మాత్రం గోడ మీది మిషన్లో వేలు పెట్టాలి. హేమచంద్ర పెట్టాడు. ఎర్ర లైటు. మళ్లీ పెట్టాడు. ఎర్ర లైటు. మూడోసారికి మిషను కీచుమంది. కాపలా ఉండే అప్పలస్వామి కుర్చీలోంచి లేచాడు.

"అప్పలస్వామీ, తలుపు తియ్యి."

"మిషను కాదంటోంది కదండీ."

"నేనయ్యా. నేను తెలీదా నీకు?"

"తెలీకపోవడమేటి సార్. పొద్దున్నే కదా నమస్కారం పెట్టాను. మిషను కాదంటే చేత్తో తియ్యకూడదని మొన్న కాగితం అంటించారు కదండీ. కింద మీ సంతకమే ఉంది." అప్పలస్వామి ఓ పుస్తకం తెరిచాడు. "బయటివాళ్ల పుస్తకంలో రాసేస్తానండి. ఎవరిని కలవాలని వచ్చారంటారు?"

గాజు అవతల హేమచంద్ర బల్ల కనబడుతోంది, కుర్చీకి వేలాడుతున్న అతని కోటు కనబడుతోంది. ఇద్దరు కుర్ర ఉద్యోగులు తలలెత్తి చూసి, నవ్వు దాచుకోవడానికి కిందికి వంగారు. తను తనేనని చెప్పడానికి అతని దగ్గర పసుపు వేలు తప్ప ఇంకేం లేదు.

శేషారత్నం గారు లోపలినుంచి మీట నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఎలా ఉందని అడగలేదు. వెనక్కి తిరిగి తన గదిలోకి నడిచింది. అతనూ నడిచాడు.

"ఫోటో తెరువు."

"తెరిచే ఉంది మేడం."

"అది నీ యంత్రం కత్తిరించుకున్న ముక్క. పైడమ్మ పంపింది తెరువు."

ఈ మూడు నెలల్లో హేమచంద్ర ఒక్క ఫోటో కూడా పూర్తిగా తెరవలేదు. యంత్రానికి కావలసింది మూతి. మిగతాది కోసి పారెయ్యమని దానికి నేర్పింది అతనే.

తెరిచాడు.

గేదె నుదుటి నిండా పసుపు. దాని మధ్యలో కుంకుమ బొట్టు. కొమ్ములకి కనకాంబరాల దండ. చెవి నుంచి చెవి దాకా, కళ్ల చుట్టూ, మూతి మీదా పసుపు మెత్తి ఉంది. చెవికి కంపెనీ ట్యాగు, నంబరు స్పష్టంగా ఉంది, బీమా కాగితంలోదే. ఆ బరువైన తలని ఫోటోకి అందేలా కింద నుంచి ఎవరో రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. గాజుల చేతులు. మోచేతుల దాకా పసుపే.

"ఫోన్ చెయ్యి," అంది శేషారత్నం గారు.

నాలుగు రింగుల తరవాత ఎత్తారు.

"ఎవులు?"

"పైడమ్మ గారా? బీమా కంపెనీ నుంచమ్మా. గేదె ఫోటో గురించి. దాని మూతికి పసుపు రాశారు కదా..."

"రాసినాం బాబూ."

"ఎందుకు రాశారమ్మా?"

ఇలాంటి ప్రశ్న కూడా అడుగుతారా అన్నట్టు పలికింది పైడమ్మ గొంతు.

"మా ఇంటి ఆడపిల్ల బాబూ అది. ఎనిమిదేళ్లు మా పిల్లల్ని సాకింది. పసుపు రాయకుండా సాగనంపుతామేటి? మీ యేపు రాయరేటి?"

హేమచంద్ర తెర మీది గాజుల చేతుల వంక చూశాడు.

"తప్పయిపోనాదేటి బాబూ?"

"లేదమ్మా. మీ తప్పేం లేదు. మీ కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేనే చూసి పంపిస్తాను."

ఫోన్ పెట్టేసి బొటనవేలి వంక చూసుకున్నాడు. తరవాత, మెల్లిగా, "ఇందాక నేను చూపించింది మూతి ఒక్కటే. క్యాంటీన్‌కి వెళ్లేటప్పటికే మీకెలా తెలిసింది మేడం?" అన్నాడు.

"బుధవారం చూశాను."

"అన్నిట్లో ఇదే ఎందుకు చూశారు?"

"ఇదొక్కటే చూశానని ఎవరన్నారు?"

హేమచంద్ర లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. ఏ ఫోటోని ఎవరు తెరిచారో కంప్యూటరు దానంతటదే రాసిపెడుతుంది. ఆ పట్టీ ఎప్పుడూ ఉన్నదే. ఎవరూ చూడరు, అతనూ చూడలేదు.

యంత్రం కాదన్నవి మూడు వందల నలభై. మూడు వందల నలభై ఫోటోలూ పూర్తిగా తెరిచి ఉన్నాయి. ఎదురుగా ఒకటే పేరు, శేషారత్నం. రోజూ పొద్దున్న ఆరు, ఆరుంబావు, ఆరున్నర. ఆదివారాలు కూడా. ఉగాది నాడు కూడా. ప్రతిదాని పక్కనా చిన్న మాట రాసి ఉంది. యంత్రం చెప్పింది నిజం. నిజం. నిజం. కిందికి జరుపుతూ పోయాడు. అతని యంత్రాన్ని అతనికన్నా ఎక్కువసార్లు మెచ్చుకున్నది ఆవిడే. తొమ్మిది చోట్ల మాత్రం ఆ మాట లేదు.

"తొమ్మిదేనా మేడం?" అన్నాడు. అందులో పొగరు లేదు, ఆశ ఉంది.

"తొమ్మిదే." ఆవిడ తెర వైపు చూడలేదు, కిటికీ వైపు తిరిగి చెప్పింది. "బోని అచ్చియ్యమ్మ. గేదె బావిలో పడింది, మూతి చెక్కుకుపోయింది. ముదిలి సింహాచలం, మొగుడూ పెళ్లాం ఇద్దరూ కూలికెళ్తారు, ఫోటో తీసేసరికి చీమలు పట్టాయి. మస్తాన్‌బీ. వానలో తీసింది, నీళ్లు తప్ప ఏం కనబడదు. రెడ్డి సూరమ్మ. ఆవిడ చూపు నాకన్నా అధ్వానం, దూడ ఫోటో పంపింది..."

తొమ్మిది పేర్లూ చెప్పింది. కాగితం లేదు, తడబాటు లేదు. చుట్టాల పేర్లు చెప్పినట్టు చెప్పింది.

హేమచంద్ర ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలియదు.

శేషారత్నం గారు అనుమతి కాగితం దగ్గరికి లాక్కుని, రెండో పేరాలో కాదంటే ఉత్తరం దానంతటదే పోతుందన్న వాక్యం కొట్టేసి, అడుగున సంతకం పెట్టింది. "సోమవారం నుంచి అవునని చెప్పే పని దానికే ఇచ్చెయ్. పాపం, నాలుగు సెకన్లలో చెప్పనీ. మనం నెల రోజులు ఏడిపిస్తున్నాం జనాన్ని."

"మరి కాదనేది ఎవరు మేడం?"

ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"పొద్దున్న ఆరింటికి నేను వస్తాను," అంది.

మర్నాడు ఆరింటికి ఆవిడ వచ్చేసరికి హేమచంద్ర ఆవిడ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముందు తెర మీద ఒక ఫోటో, నాలుగు అంచులదాకా తెరిచి ఉంది. ఆవిడ వచ్చిన చప్పుడు అతనికి వినబడలేదు.